ఐదింటి క్లాసు మాస్టారు

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి కాన్‌స్టాంటినోపుల్ దాకా నడిచి వెళ్లినవాళ్లు ఈ హైదరాబాదు మొత్తం మీద నలభై మందికి మించి ఉండరు. వాళ్లలో నేనొకణ్ణి. డెబ్బై మూడో ఏట వెళ్లాను. రెండు మోకాళ్లూ అరిగిపోయాక వెళ్లాను. పదకొండు రోజులు పట్టింది. జహీరాబాద్ దాటి షోలాపూర్, అక్కణ్ణుంచి పైకి తిరిగి రాజస్థాన్ ఇసుకలో పడి, ముల్తాన్‌లో ఆగి, బోలాన్ కనుమ ఎక్కి, కాందహార్, హెరాత్, మష్హద్, టెహ్రాన్, తబ్రీజ్ మీదుగా వెళ్లాం. ఎర్జురూం దగ్గర మంచు. ఆ మంచులో నాతో వచ్చిన కుర్రాళ్లు వెనకబడ్డారు గానీ నేను వెనకబడలేదు.

సరూర్‌నగర్ చెరువు కట్ట మీద పొద్దున నడకకు వచ్చే మిత్రులకు ఈ సంగతి చెబుతుంటే అందరూ నోరు తెరుచుకుని విన్నారు. ఒక్కాయన మాత్రం, పాస్‌పోర్టుల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, "పాకిస్తాన్ వాళ్లు మీకు వీసా ఎలా ఇచ్చారండీ?" అన్నాడు. అక్కడ దొరికిపోయాను.

వీసా అక్కర్లేకపోయింది. మ్యాపు మీద వేలితో వెళ్లాం. ఇంకా నిజం చెప్పమంటే ఆ వేలు కూడా నాది కాదు, మాస్టారిది. ఆయన సైదాబాద్‌లో తన గదిలో కూర్చుని కంప్యూటర్లో మ్యాపును జరుపుతూ ఉంటే, నేను మా ఇంట్లో పడక్కుర్చీలో వాలి ఫోన్లో చూశాను. ఆ పదకొండు రోజుల్లో మూడు రోజులు నిద్రపోయాను కూడా. అఫ్ఘనిస్తాన్ నేను చూడనే లేదు.

ఆ మాస్టారు పోయాడు. ఆ సంగతి నాకు ఒక మెట్రో స్తంభం చెప్పింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ స్తంభానికి ఏ ఫ్లెక్సీ కట్టినా నేను ఆగి మొత్తం చదువుతాను. తొందరగా ఇంటికెళ్లి చేసేదేమీ లేదు గనక. లేడీస్ హాస్టల్, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు, గ్రూప్స్ కొత్త బ్యాచ్, కీళ్ల నొప్పులకు తైలం. వాటి మధ్యలో ఆయన ముఖం కనిపిస్తే, 'మాస్టారు కూడా ప్రకటనల్లోకి దిగాడే' అని నవ్వుకున్నాను. ఆయన్ని ఆటపట్టించడానికి నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే ఫొటో కింద అశ్రునివాళి అని ఉంది. ఆదివారం సంతాపసభ అని, 'ఇట్లు, మీ విద్యార్థులు' అని ఉంది.

అంతకు ముందు పద్దెనిమిది రోజులుగా ఆయన ఆన్‌లైన్ క్లాసు లేదు. ఐదింటికి లింకు నొక్కితే 'దయచేసి వేచి ఉండండి' అని వచ్చేది. వేచి ఉన్నాను. రోజూ ఐదు నుంచి ఆరుంబావు దాకా, క్లాసు ఎంతసేపు ఉంటుందో అంతసేపూ, ఆ అక్షరాల ముందు కూర్చున్నాను. ఫోను చేస్తే స్విచాఫ్. ఊరెళ్లాడు కాబోలు అనుకున్నాను. నల్గొండ దగ్గర ఆయనకో ఊరు ఉండేది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఎవరో ఒకరు వచ్చి, మా సార్ అలా అనలేదు, ఇలా అన్నాడు అని నన్ను సరిదిద్దుతారు. ఈ వయసులో నాకు ఆ బెడద వద్దు.

నేను ఆయన్ని మొదట చూసింది దిల్‌సుఖ్‌నగర్‌లోనే, పాత పుస్తకాలు పరిచి అమ్మే ఫుట్‌పాత్ దగ్గర. ఒక మనిషి గొంతుక్కూర్చుని పాత అట్లాసు ఒకటి ఒళ్లో పెట్టుకుని, ఒక్కో పేజీ పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు నిమురుతున్నాడు. ముతక చొక్కా, భుజాన గళ్ల సంచి. నేను వెనకనుంచి తొంగి చూశాను. అందులో రెండు జర్మనీలు ఉన్నాయి. సోవియట్ యూనియన్ ఉంది. నాకు నోరు ఊరుకోదు కదా, "మాస్టారూ, అది తప్పుల పుస్తకం. ఎవరో మిమ్మల్ని మోసం చేస్తున్నారు" అన్నాను. ఆయన మాస్టారని నాకేం తెలుసు? మావైపు బడిపంతులు ముఖం కనిపిస్తే చాలు, మాస్టారూ అనేస్తాం.

ఆయన తల తిప్పకుండానే అన్నాడు: "తప్పంటరేంది పెద్దసారూ? తప్పు వేరే, పాత వేరే. గిది అచ్చేసిన నాడు జర్మనీలు రెండే ఉండె."

ఇదీ ఆయన మాట తీరు. అది వేరే, ఇది వేరే. ప్రతి రెండో వాక్యంలో ఏదో ఒక జంటను విడదీసేవాడు. విన్నంతసేపూ చిరాకు. ఇంటికెళ్లాక మాత్రం కూరలో ఉప్పు వేస్తూ, 'నిజమే సుమా, తప్పు వేరు, పాత వేరు' అనుకుంటూ నిలబడిపోతాం.

ఆ పక్కనే చాయ్ బండి దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. పాతికేళ్లు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ప్రపంచ చరిత్ర, భూగోళం చెప్పాడట. ఆ సబ్జెక్టుకు మార్కులు తక్కువ, తలనొప్పి ఎక్కువ అని ఒక్కో సెంటరూ దాన్ని ఒక వారాంతపు క్లాసుకు కుదించి, చివరికి ఒక ముద్రించిన పుస్తకానికి కుదించిందట. అప్పటి నుంచి ఇంట్లోంచే, ఆన్‌లైన్లో చెబుతున్నానన్నాడు. "పనేం లేకుంటే రాండ్రి, లింకు పెడ్త" అన్నాడు.

పనేం లేకుంటే అన్నాడు. నా ముఖం మీద అంత స్పష్టంగా రాసి ఉందేమో నాకు తెలియదు.

క్లాసు ఎలా ఉండేదంటే, ముందు హాజరు పిలిచేవాడు. తెర మీద ఎవరెవరు ఉన్నారో పేర్లు వాటంతట అవే కనిపిస్తుంటాయి. అయినా ఒక్కో పేరూ చదివి, ఆగి, "ప్రెజెంట్ సర్" అని గొంతు వినపడేదాకా పక్కపేరుకు వెళ్లేవాడు కాదు. "పేరు కనవడుడు వేరే, మనిషి పలుకుడు వేరే" అనేవాడు. పలకడం కుదరనివాళ్లు కనీసం టైపు చేసి చెప్పాలి. నలభై పేర్లకు పది నిమిషాలు పోయేవి. పిల్లలు విసుక్కునేవాళ్లు.

తరవాత మ్యాపు. ఉపగ్రహం తీసిన ఫొటోల మ్యాపు అందరికీ తెలిసిందే, ఊరి పేరు కొడితే ఎగిరి వెళ్లి ఆ ఊళ్లో వాలుతుంది. మాస్టారు ఊరిపేరు కొట్టనిచ్చేవాడు కాదు. ఏ పాఠమైనా సరే ఎల్బీనగర్ చౌరస్తాలో మొదలుపెట్టి అక్కడికి జరుపుకుంటూ పోవాల్సిందే. బాగ్దాద్ పాఠానికి నాలుగు రోజులు ప్రయాణం, రోమ్ పాఠానికి రెండు వారాలు. దారిలో నది వస్తే దాటే చోటు వెతకాలి. కొండ వస్తే కనుమ వెతకాలి. ఒకసారి స్వప్న అనే అమ్మాయి, నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి చంపాపేట్‌లో గది తీసుకుని చదువుకుంటోంది, గట్టి పిల్ల, "సార్, పరీక్షలకు గింత దూరం నడిచే టైం లేదు. జర ఎగిరి పోదాం సార్" అంది.

"ఎగిరితే నడుమ ఉన్నోళ్లకు మనం పోయింది తెల్వది బిడ్డా. మనకు వాళ్లున్నది తెల్వది. చరిత్రల సగం లొల్లి గట్లనే అయింది" అన్నాడు.

ఇంకో సంగతి. కంప్యూటర్ ముందు కూర్చుని కూడా ఆయన చేతిలో సుద్దముక్క ఉండేది. బోర్డు లేదు, రాసేదేమీ లేదు. కానీ వేళ్ల మధ్య సుద్ద లేకపోతే ఆయనకు మాట వచ్చేది కాదు. ఉత్సాహం వచ్చినప్పుడు ఆ సుద్దతోనే తెర మీద గీత గీసేవాడు. మాకు ఆ గీత కనపడదు కదా! "గిదో, గీడికెల్లి వచ్చిండ్రు మంగోలులు" అని టకటకా చప్పుడు మాత్రం వినిపించేది. మంగోలులు ఎక్కణ్ణుంచి వచ్చారో మాలో ఎవరికీ ఇప్పటికీ తెలియదు.

ఏదో మ్యూజియం వాళ్ల సైటు ఒకటి ఉంది. అందులో వస్తువుల్ని మనమే అటూ ఇటూ తిప్పి చూడొచ్చు. ఒకరోజు నాలుగువేల ఏళ్లనాటి మట్టిపలక చూపించాడు. ముందువైపు అంతా కాకి కాళ్ల గుర్తుల్లా రాత. దాని గురించి ఐదు నిమిషాలు చెప్పి, పలకను మెల్లగా వెనక్కి తిప్పి ఆపాడు. ఒక మూల బొటనవేలి ముద్ర. మట్టి పచ్చిగా ఉన్నప్పుడు పట్టుకున్నవాడిది.

"రాసిందంత రాజు లెక్కలు" అన్నాడు. "వేలు మాత్రం గాయినది."

తెర మీద ఆ వేలిముద్ర అలాగే ఉంది. నలభై మంది ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నారు. అంత నిశ్శబ్దంలో మా కుక్కర్ మూడు కూతలు కూసింది. నేను మైకు కట్టేయడం మర్చిపోయాను. "తాతా, మ్యూట్!" అని స్వప్న అరిచింది. అప్పటి నుంచి క్లాసులో నా పేరు మ్యూట్ తాత. ముద్దుగానే పిలిచేవాళ్లు.

నాకు మైకు కట్టేయడం ఇష్టం ఉండేది కాదు. తపాలా శాఖలో ముప్పై ఆరేళ్లు చేశాను, కదిలే రైలు డబ్బాలో నిలబడి ఉత్తరాలు ఊళ్లవారీగా విడదీసే పని. భూగోళం నాకొకరు చెప్పాలా? సూయజ్ కాలువ పాఠం వచ్చినప్పుడు, కాలువ మూసేసిన రోజుల్లో లండన్ ఉత్తరాలు ఆఫ్రికా మొత్తం చుట్టుకుని నా చేతికి ఎలా వచ్చేవో, ఒక్కో సంచి ఉప్పునీటి వాసన ఎలా కొట్టేదో చెప్పాను. మూడు రోజులు చెప్పాను. మాస్టారు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. "చెప్పండ్రి పెద్దసారూ, మీరు చూసినోళ్లు" అనేవాడు.

ఇదీ ఒప్పుకోవాలి. నా డబ్బా బెజవాడకూ కాజీపేటకూ మధ్య తిరిగేది. మా సంచుల్లో మధిర, ఖమ్మం, డోర్నకల్ ఉండేవి. లండన్ ఉత్తరం ఒకే ఒక్కటి చూశాను, అది కూడా దారి తప్పి వచ్చింది. ఉప్పునీటి వాసన సంగతి నేను కల్పించాను.

ఒక మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో ఫ్లైఓవర్ కింద, నల్గొండ బస్సులు ఆగే చోట ఆయన కనపడ్డాడు. ఫోను పట్టుకుని ఒకసారి తెర వైపు, ఒకసారి రోడ్డు వైపు చూస్తున్నాడు. తప్పిపోయిన వాడిలా ఉన్నాడు.

"ఏంటి మాస్టారూ, చౌరస్తా మర్చిపోయారా? ఇక్కణ్ణుంచేగా లోకమంతా తిప్పుతారు" అన్నాను.

ఫోను నా చేతికిచ్చాడు. అదే రోడ్డు, కెమెరా కారు తిప్పి తీస్తారే, అలాంటి ఫొటో. పాతది. ఫ్లైఓవర్ స్తంభాలు అప్పుడే లేస్తున్నాయి. బస్టాపులో ఆరేడుగురు నిలబడి ఉన్నారు, ఎవరి ముఖమూ తెలియకుండా మసక చేసి ఉంది.

"గీ సంచి పట్టుకున్నది ఎవలో చెప్పుండ్రి."

గళ్ల సంచి. సంచి పైన చొక్కా. చొక్కా పైన పొగమంచు ముద్ద.

"మీరా?"

"నేనే. మొహాలన్ని మిషినే చెరిపేస్తదట. సంచి చూసి గుర్తువట్టిన."

"అయ్యో" అన్నాను.

"అయ్యో ఎందుకు? చరిత్రల ఉన్నోళ్లందరిది గదే కథ. మొహం పోతది, సంచి మిగుల్తది." నవ్వాడు. తరవాత కొంచెం గొంతు తగ్గించి, "వాళ్లు మళ్ల కారు తిప్పి కొత్త ఫొటో తీస్తే గిది పోతది. అందుకే అప్పుడప్పుడు చూస్కుంట, ఉన్ననా లేనా అని" అన్నాడు.

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడి, 'ఇంత లోకాన్ని చూపించే మనిషికి ఈ ఊళ్లో ఎవరూ లేరు' అని తీర్మానించుకున్నాను. తన ఫొటోను తనే కాపలా కాసుకునే మనిషికి ఇంకెవరుంటారు?

ఆ తీర్మానానికి తగ్గట్టే క్లాసు పలచబడింది. ఒక సోమవారం ముప్పై రెండు మంది ఉన్నారు. గురువారానికి ఆరుగురు. ఆ తరవాతి సోమవారం మాస్టారు హాజరు పిలిస్తే ఒకే పేరు, నాది. స్వప్న కూడా లేదు. ఈ కాలం పిల్లలంతే, మార్కులు రాని చోట నిమిషం ఉండరు అని తిట్టుకున్నాను. "ప్రెజెంట్ మాస్టారూ" అన్నాను, కాస్త గట్టిగానే.

సుద్ద తెర మీద కొట్టుకుంటున్న చప్పుడు. చివరికి, "పెద్దసారూ, ఒక్కలే ఉన్నరు. నేనేమంటున్ననంటే, ఇగ గీ ఐదింటిది..."

"మాస్టారూ, వినపడట్లేదు, నెట్‌వర్క్!" అని అరిచి ఫోను కట్టేశాను.

నా రోజు ఎలా ఉంటుందో చెబితే గానీ మీకు అర్థం కాదు. పొద్దున చెరువు కట్ట. తరవాత వంట, ఒక్కడికి ఎంత వండాలో నాకింకా చేతికి రాలేదు. మధ్యాహ్నం పేపరు, చదివిన పేజీలే మళ్లీ. నాలుగింటి నుంచి గడియారం వైపు చూడటం. ఐదింటికి ఒక మనిషి నా పేరు పిలిచి, నేను పలికేదాకా ఆగేవాడు. అది బందయితే ఇక రోజులో నన్ను పిలిచేవాడు లేడు. మా సుభద్ర పోయి అప్పటికి రెండేళ్లయింది. పిల్లలు లేరు మాకు.

మర్నాడు ఐదింటికి క్లాసులో ముగ్గురున్నారు. నేను. వినయ్, నల్గొండ. సుభద్ర, చంపాపేట్.

వినయ్ మా మేనల్లుడు వదిలేసి వెళ్లిన పాత ట్యాబు. ఆ పేరు నేనే పెట్టాను, ఊరు కూడా నేనే పెట్టాను. మూడోది మా ఆవిడ ఫోను. దానికి పేరు మార్చడం నాకు చేతకాలేదు, పక్కన చంపాపేట్ అని మాత్రం తగిలించగలిగాను. మూడింటినీ డైనింగ్ టేబుల్ మీద వరసగా నిలబెట్టి మధ్యలో కూర్చున్నాను.

మాస్టారు హాజరు పిలిచాడు. నేను పలికాను. వినయ్ తరఫున, 'మైకు పాడైంది సర్, ప్రెజెంట్' అని టైపు చేశాను. తరవాత ఆయన "సుభద్ర?" అన్నాడు.

ఆ ఇంట్లో ఆ పేరు పైకి పలికి రెండేళ్లయింది. నేను పలకను. ఎవరిని పిలవడానికి పలకాలి? టేబుల్ మీద మూడు పెట్టెల్లోంచీ ఒకేసారి ఆ పేరు వచ్చింది. వేళ్లు కదల్లేదు నాకు. ఆయన ఆగాడు. ఎప్పుడూ ఆగినట్టే ఆగాడు.

"తొందర లేదమ్మా" అన్నాడు.

ఎప్పటికో టైపు చేశాను, ప్రెజెంట్ అని.

అలా ఐదు నెలలు నడిపాను ఆ క్లాసును. వినయ్ తెలివైనవాడు, అప్పుడప్పుడు ప్రశ్న అడిగేవాడు. సుభద్ర ఎక్కువ అడిగేది కాదు, బతికుండగా కూడా అంతే. ఒకరోజు పాఠం మధ్యలో మా అపార్ట్‌మెంట్‌కు కరెంటు పోయి వైఫై ఆగింది. ఎల్బీనగర్, చంపాపేట్, నల్గొండ, మూడు ఊళ్ల విద్యార్థులూ ఒక్క క్షణంలో మాయమయ్యారు. మర్నాడు మాస్టారు అడిగాడు, "వినయ్, నల్గొండల కూడ పోయిందా కరెంటు?"

'పోయింది సర్' అని టైపు చేశాను.

"ఔ, జబర్దస్త్ కరెంటే పోయిందన్నట్టు" అన్నాడు. పాఠంలోకి వెళ్లిపోయాడు. ఆయనకు అంతా తెలుసని నాకు ఆ రోజే అర్థమైంది. తెలిసీ ఊరుకున్నాడంటే, ఈ క్లాసు ఆయనకు కూడా నాకంత అవసరమే అన్నమాట. ఒంటరి మనిషి, ఈ ముసలాడైనా లేకపోతే ఎలా అనుకుని ఉంటాడు. అలా అనుకుంటే నాకు హాయిగా ఉండేది. నేను ఒకరికి సాయం చేసి చాలా కాలమైంది.

ఆ రోజుల్లోనే ఒకసారి చెప్పకుండా సైదాబాద్‌లో ఆయన గదికి వెళ్లాను. క్లాసు అయిపోగానే ఆటో ఎక్కాను. మూడో అంతస్తు, ఒకే గది. గోడల నిండా పాత పటాలు, లేని దేశాలన్నీ అక్కడే కాపురం ఉన్నాయి. ఒక కుర్చీ. చాయ్ పెట్టి ఒక గ్లాసులో పోసి నాకిచ్చాడు, తను గిన్నెతోనే తాగాడు. ఒకే గ్లాసు! నా తీర్మానానికి ఇంకేం సాక్ష్యం కావాలి? మధ్య మధ్య దగ్గుతున్నాడు, వేడినీళ్లు గుక్కెడు గుక్కెడు మింగుతున్నాడు.

"సుద్దముక్క మానేయండి మాస్టారూ, ఆ పొడి గొంతుకు పడట్లేదు" అన్నాను.

"సుద్ద ఏం చేస్తది పెద్దసారూ, మాట్లాడుడే ఎక్కువైంది" అన్నాడు.

రోజుకు గంటంబావు మాట్లాడే మనిషి అలా అంటాడేమిటి అనుకున్నాను. నేనున్న కాసేపట్లో ఆయన ఫోను నాలుగుసార్లు మోగింది. చూసి బోర్లా పెట్టాడు. ఏ క్రెడిట్ కార్డుల వాళ్లో అయ్యుంటారు. ఏడు కావస్తుండగా లేచి నిలబడి, "చీకటి పడ్తది, మెల్లగ పోండ్రి" అన్నాడు. మెట్ల దాకా వచ్చి దింపాడు. నేను రెండు అంతస్తులు దిగేసరికి పైన తలుపు గడియ పడింది. ఒక్కడూ ఆ గదిలో, లేని దేశాల మధ్య ఏం చేసుకుంటాడో పాపం అని ఆటోలో దారంతా బాధపడ్డాను.

ఆదివారం సంతాపసభకు ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్లాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రెండో అంతస్తు. నాతో కలిపి పదిమంది ఉంటే గొప్ప అనుకున్నాను. హాలు నిండిపోయి ఉంది. యాభై అరవై మంది. గోడల పక్కన నిలబడి ఉన్నారు, కొందరు ఏడుస్తున్నారు. ఐదు నెలలు మొహం చూపించనివాళ్లు ఇప్పుడొచ్చి ఏడుస్తున్నారే అని నాకు ఒళ్లు మండింది. పెద్దవాణ్ణి కదా అని మైకు ఇచ్చారు.

ఆ మైకును కట్టేయమనే వాళ్లెవరూ లేరు. మాట్లాడాను. కాన్‌స్టాంటినోపుల్ నడక చెప్పాను, ఈసారి ఒక్క రోజు కూడా నిద్రపోలేదు. ఎల్బీనగర్ ఫొటో చెప్పాను, ఒకే గ్లాసు చెప్పాను. "మీరంతా వదిలేసి వెళ్లిపోయారు. చివరి ఐదు నెలలూ ఆ ఒంటరి మనిషి క్లాసును నేను బతికించాను. నల్గొండ నుంచి, చంపాపేట్ నుంచి విద్యార్థుల్ని తెచ్చి కూర్చోబెట్టాను. నేను లేకపోతే ఆయన ఆ గదిలో గోడలకు పాఠం చెప్పుకునేవాడు" అన్నాను. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాలామంది తలలు వంచుకున్నారు. సిగ్గుపడ్డారు, మంచిదే అనుకున్నాను.

సభ అయ్యాక మెట్లు దిగుతుంటే ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. స్వప్న. నిజంగా మనిషిని చూడటం అదే మొదలు, గొంతును బట్టి పోల్చాను. ఒక మలుపు దిగాక ఆగింది.

"తాతా, ఒక మాట అంట. కోపం చేయకుండ్రి."

"అనమ్మా."

"పైన మీరు చెప్పింది అబద్ధం."

నవ్వాను. "కాస్త ఉప్పూ కారం వేశాలే. ఆ నల్గొండ పిల్లాడూ, చంపాపేట్ ఆవిడా ఇద్దరూ నేనే. అఫ్ఘనిస్తాన్‌లో నిద్ర కూడా పోయాను."

"గవి మాకు తెల్సు. కరెంటు కథ సార్ మాకు చెప్పిండు. నేనంటున్నది గది కాదు." పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "మేం క్లాసు ఇడిసిపెట్టలె తాతా. ఏడింటికి మార్చుకున్నం."

"ఏడింటికా?"

"రోజు ఏడింటికి. గిప్పుడు పైన చూసిండ్రు కద, గాళ్లందరు. మీకు ఐదింటికి ఏం చెప్పిండో, మాకు ఏడింటికి గదే చెప్తుండె."

"మరి నాకు ఎవరూ చెప్పలేదేం? నేను కూడా ఏడింటికే వచ్చేవాణ్ణిగా?"

"మీరు వస్తరనే చెప్పలె." కాసేపు మెట్ల వైపు చూసింది. "మీరు మాట్లాడవడితె ఆగరు. సూయజ్ కాడ మూడు దినాలు ఆపిండ్రు. పరీక్షలు మీద వడ్డయి. తాతను తీసెయ్యుండ్రి సార్ అని మేమే అడిగినం, నేనే ముందు అడిగిన. తియ్యను అన్నడు. గట్లయితె మమ్మల్ని వేరే పెట్టుండ్రి అన్నం. సరే అని గట్ల జేసిండు."

"రోజూ రెండు సార్లు?"

"రెండు సార్లు. గొంతు ఖరాబైతే మేమే దవాఖానకు తోల్కపోయినం. డాక్టర్ రోజుకు ఒక్క క్లాసే చెప్పమన్నడు. ఐదింటిది బంద్ చేయుండ్రి సార్, ఒక్క మనిషే కద అని నేను మస్తు కొట్లాడిన. ఇనలె."

ఏదో ఒకటి అనాలి కదా. ఆ పిల్ల అలా చూస్తూ నిలబడి ఉంటే నాకు తోచిందే అన్నాను. "నేను ఆయన కోసమే కదమ్మా అదంతా చేసింది? ఆ గదిలో ఒక్కడూ... పాపం, ఆయనకు ఎవరూ లేరని..."

"సార్‌కు మేముంటిమి తాతా" అంది స్వప్న. "ఎవ్వలు లేనిది మీకు."